రెండో సంచిలో రొయ్య తొక్కలు

రొయ్య తొక్కలు కాలిస్తే బొగ్గవుతుందని ఎవరికైనా చెప్పొచ్చు. ఆ బొగ్గులో కరెంటు దాచుకోవచ్చని చెబితే మా ఇంట్లోవాళ్ళే నమ్మలేదు. "పులుసు పెట్టుకుంటే పోయేదానికి పీహెచ్‌డీ ఎందుకే?" అని మావారు నవ్వేవారు. నాకసలే ముక్కు మీద కోపం. ఆయన నవ్విన ప్రతిసారీ రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయిన రోజులవి. పిఠాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నలభై దాటాక చదువు మీద మళ్ళీ మనసు పుట్టి కాకినాడలో ఒక ప్రొఫెసరు గారి దగ్గర పీహెచ్‌డీకి చేరాను. విషయం సూపర్ కెపాసిటర్లు. బ్యాటరీకి వేలువిడిచిన చుట్టం అనుకోండి. బ్యాటరీ గంటలకొద్దీ ఛార్జవుతుంది, ఇది క్షణాల్లో నిండుతుంది, క్షణాల్లో ఖాళీ అవుతుంది. దాని లోపలి ఎలక్ట్రోడు కార్బన్‌తో చేస్తారు. ఆ కార్బన్ నిండా కంటికి కనబడని రంధ్రాలుండాలి, వెంట్రుక మందాన్ని పదివేల వంతులు చేస్తే ఒక్క వంతెంత ఉంటుందో అంత సన్నటివి. ఛార్జి కూర్చునేది వాటి గోడల మీదే. ఇక ఆ కార్బన్ పరమాణువుల మధ్య అక్కడక్కడ ఒక నైట్రోజన్ పరమాణువు దూరిందంటే ఛార్జి ఇంకా బాగా నిలుస్తుంది. దాన్నే డోపింగ్ అంటారు. పాలల్లో తోడు చుక్క లాంటిదది. వేసేది చుక్కే, గిన్నెడు పాల తీరూ మారిపోతుంది.

ఐదేళ్ళు వేరే బొగ్గులతో గడిచిపోయాక, ఆ నైట్రోజన్ కోసం పై దేశాల్లో ఖరీదైన రసాయనాలు వాడుతున్నారని చదివాను. రొయ్య తొక్కలో నైట్రోజన్ పుట్టుకతోనే ఉంది కదా, దాన్నే కాల్చేస్తే పోలేదా అనిపించింది. ఆ ఆలోచన మాత్రం నిజంగా నాదే. అప్పటికింకా మా ప్రాంతంలో అలాంటి పని ఎవరూ మొదలుపెట్టినట్టు లేదు. గైడుగారు విని, "బాగుందమ్మా, చెయ్యి" అన్నారు.

మా గైడుగారు మెత్తటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కానీ ఒక్క విషయంలో మాత్రం రాయి. ఏ ఫలితమైనా మూడు విడతల సరుకుతో, మూడుసార్లు వస్తేనే థీసిస్ మీద సంతకం పెట్టేవారు. "ఒకసారి వస్తే అదృష్టమమ్మా. మూడుసార్లు రానీ, అప్పుడు మాట్లాడుకుందాం" అనేవారు. ఆయన ఆ జూన్ నెలాఖరుకి రిటైరవుతున్నారు. నా గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి పొడిగించరని ఆఫీసులో తేల్చి చెప్పేశారు. ఆ సబ్జెక్టు తెలిసిన గైడు చుట్టుపక్కల ఇంకొకరు లేరు. జూన్ లోపల మూడుసార్లు ఫలితం రాకపోతే ఆరేళ్ళ కష్టం గోదారిపాలే.

తొక్కలు ఇచ్చేది ఒక చేపలావిడ. ఉప్పాడ నుంచి పొద్దున్నే తట్టతో షేరు ఆటోలో పిఠాపురం బజారుకి వచ్చేది. ఇంచుమించు నా వయసే. నేను నువ్వు అనేదాన్ని, ఆవిడ మీరండి అనేది, అందులో మా ఇద్దరికీ వింతగా ఏమీ అనిపించేది కాదు. రొయ్యలు కొన్నవాళ్ళకి అక్కడికక్కడే ఒలిచి ఇచ్చేది. ఒకరోజు ఆ తొక్కలు నాకు కావాలని అడిగాను. "పారేసేయే కదండీ, ఎన్నిక్కావాలంటే అన్ని అట్టుకెళ్ళండి" అంది. "దేనికండీ, కోళ్ళకా?" అని కూడా అడిగింది. నేను చదువుకోడానికి అన్నాను. ఆవిడ అడ్డంగా తలూపి ఊరుకుంది.

మొదటి సంచి ఆవిడే కాలేజీకి మోసుకొచ్చింది. దాన్ని వరండాలో దించేసరికి ఆ చివర ఆఫీసు గదిలోంచి ఈ చివర ల్యాబు దాకా అందరూ ముక్కులు మూసుకున్నారు. ప్రిన్సిపాల్‌గారు కబురు పెట్టి నన్ను నిలబెట్టి కడిగేశారు. ఆయన్ని ఏమీ అనలేక, ఆ కోపమంతా తెచ్చి ఆవిడ మీద కుమ్మరించాను. అటెండరు ఉన్నాడు, మెట్ల మీద పిల్లలున్నారు, ఎవర్నీ చూసుకోలేదు. "ఇంత కంపు సరుకు తెచ్చి పడేస్తావేంటి? కాలేజీకి తెచ్చేటప్పుడు శుభ్రం చేసి తేవాలని ఆమాత్రం తెలీదా?" అన్నాను. ఆవిడ చీర చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ తొక్కలు ఎండబెట్టి, దంచి, కాకినాడ తీసుకెళ్ళి, ఫర్నేసులో గాలి తగలకుండా కాల్చి, యాసిడ్‌తో కడిగి ఎలక్ట్రోడు చేశాను. వచ్చింది మామూలు బొగ్గే. దాన్ని గురించి థీసిస్ రాస్తే చదివేవాడికి నిద్రొస్తుంది.

రెండో సంచి వచ్చినప్పుడు కంపు లేదు. తొక్కలు కాస్త బూడిదరంగులో ఉన్నాయి. ఇసక మీద ఎండేసి ఉంటుంది, దుమ్ము అంటుకుందిలే అనుకున్నాను. తిడితేగానీ పనులు జరగవు అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఈసారి ఫర్నేసు వేడి కాస్త మార్చి, ఆ సంచి అంతా వారం రోజుల్లో కాల్చేసి, కడిగేసి, వచ్చిన కార్బనంతా ఒకే సీసాలో పోసేశాను.

ఆ ఎలక్ట్రోడు పరీక్షించిన మధ్యాహ్నం ఇప్పటికీ బాగా గుర్తుంది. కంప్యూటరు తెర మీద ఒక గీత బయల్దేరి చుట్టు తిరిగి మొదలైన చోటికే వస్తుంది. ఆ చుట్టు ఎంత వెడల్పుంటే అంత ఛార్జి పట్టినట్టు. మొదటి సంచి చుట్టు సన్నగా కాకరకాయలా ఉండేది. ఇది తెర నిండా పరుచుకుంది. మిషను చెడిపోయిందనుకుని తీగలన్నీ విప్పి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. పరిగెత్తుకెళ్ళి గైడుగారిని పిలుచుకొచ్చాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఒకటయ్యింది. ఇంకో రెండు విడతలు తీసుకురామ్మా" అన్నారు. ఎంత పొంగిపోయానంటే, ఆ సాయంత్రం మావారితో నేనే ముందు మాట్లాడాను.

మర్నాడు పొద్దున్నే బజారుకి పోయాను. ఆవిడ వంజరం చేపలు కోస్తోంది. "ఆ రెండో సంచిలో ఏం చేశావు? నిజం చెప్పు" అన్నాను. పరీక్ష హాల్లో చీటీ దొరికినవాణ్ణి అడిగే గొంతుతో అడిగాను, నాకు వేరే గొంతు రాదు. ఆవిడ కత్తి ఆపేసింది. నా మొహం ఒకసారి చూసి తల దించుకుంది.

"ఏం సెయ్యలేదండి. ఒట్టండి. ఎలాగున్నయ్యి అలాగే తెచ్చేనండి."

"నిజమేనా?"

"నిజవేనండి."

నాకు కావలసిన జవాబు అదే. తొక్కలో ఏ తేడా లేదంటే గొప్పతనమంతా నా ఫర్నేసు పద్ధతిదే. "సరే, ఇకముందు కూడా వాటిని ఏమీ చెయ్యకు. ఏం చేసినా నాకు తెలిసిపోతుంది" అని వేలు చూపించి మరీ చెప్పి వచ్చాను.

మూడో సంచి మామూలు బొగ్గయ్యింది. నాలుగోది కూడా అంతే. కంపు మళ్ళీ వచ్చింది, కానీ అప్పటికి నాకు కంపు సంగతి పట్టించుకునే తీరిక లేదు. ఫర్నేసు వేడి పెంచాను, తగ్గించాను. గ్యాసు సిలిండరు మార్పించాను. కరెంటు కోతల వల్ల వేడి నిలకడగా ఉండటం లేదేమోనని విద్యుత్ శాఖవాళ్ళని ఆడిపోసుకున్నాను. గాజు సామాను సరిగ్గా కడగలేదని ల్యాబు అటెండరు మీద విరుచుకుపడితే, పాపం అతను మూడు రోజులు సెలవు పెట్టాడు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, ఎండలు ముదిరాయి. ఐదో సంచి, ఆరో సంచి. తెర మీద ఆ కాకరకాయ తప్ప ఇంకోటి రాలేదు. నిద్ర పట్టేది కాదు. మావారు కూడా పులుసు మాట ఎత్తడం మానేశారు.

ఏప్రిల్లో ఒక సిగ్గుమాలిన పని చేశాను. రెండో సంచి సీసాలో కార్బన్ ఇంకా ఉంది. దానితోనే మూడు ఎలక్ట్రోడ్లు చేసి, మూడు గ్రాఫులు తీసి, కింద మూడు వేరువేరు తేదీలు వేసి గైడుగారి బల్ల మీద పెట్టాను. ఆయన మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారు. మూడు గీతలూ ఒకే గీతలా కలిసిపోయాయి.

"మన చేతిపని ఇంత బుద్ధిగా ఉండదమ్మా. మూడూ ఒకే సీసాలోవి కదూ?" అన్నారు.

ఆయన తిట్టలేదు. కాగితాలు మడిచి నా చేతికిచ్చి, "ఇంకా రెండు నెలలుంది. చూడు" అన్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. బస్సులో పిఠాపురం దాకా కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాను.

బస్సు దిగి సరాసరి బజారుకి పోయాను. గైడుగారి ముందు పోయిన పరువుకి ఎవరో ఒకరు దొరకాలి. ఆవిడ దొరికింది. "ఏ పీత తొక్కలో, ఏ చెత్తో కలిపి నాకు అంటగడుతున్నావు. ఆరేళ్ళ చదువు నీ మూలాన మంట్లో కలిసింది తెలుసా?" అన్నాను. నలుగురూ మూగారు. ఇంకా ఏమేం అన్నానో రాయను, ఇన్నేళ్ళయినా రాయడానికి చెయ్యి రాదు. ఆవిడ తట్ట మీద గోనెపట్టా కప్పి, లేచి, అమ్ముడవని చేపలతో వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పక్కన కూర్చునే చేపలావిడని అడిగితే, "మీరలాగన్నాక ఈ బజారుకి రానందండి. సామర్లకోట ఎల్తంది" అని మొహం తిప్పుకుంది. మే నెల వచ్చేసింది.

ఉప్పాడ వెళ్ళాను. క్షమాపణ చెప్పుకోడానికి వెళ్ళానని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. తొక్కలు కావాలి, అందుకు వెళ్ళాను. సముద్రం ఆ ఏడు రోడ్డు సగం కోసేసింది. ఆవిడ పాత ఇల్లు ఉన్నచోట నీళ్ళున్నాయి, ఇది రెండో ఇల్లట. వెనక పెరట్లో కూర్చుని చేప తోముతోంది. పక్కన చిప్పలో పొయ్యిలోంచి తీసిన బూడిద. చేప చేతిలోంచి జారకుండా, జిగురూ నీచూ పోయేలా చెయ్యి బూడిదలో అద్ది చేపకి పట్టించి తోముతోంది. మా ఇంట్లో మా అమ్మ తోమేదీ అలాగే. గోదావరి జిల్లాల్లో చేప తినే ప్రతి ఇంట్లో జరిగేదే. నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ చూస్తున్నదే.

నన్ను చూసి ఆవిడ గబుక్కున లేచి పీట వేసింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఎండకి నా గొంతు ఎండిపోయి గట్టిగా మాట రాలేదు. అది నా అదృష్టం. ఆ బూడిద చిప్పనే చూస్తూ ఉండిపోయాను.

"రెండో సంచి తొక్కలకి ఇది పట్టించావా?" అని మెల్లగా అడిగాను.

ఆవిడ "కోప్పడరు కదండీ?" అంది.

"పడను. చెప్పు."

"మొదటిసారి కంపని అందరి ముందరా అనేసేరు కదండీ. సిగ్గేసిందండి. రెండోసారికి బూడిద నీళ్ళల్లో కలిపేసి, తొక్కలందులో నానేసి, ఎండేసి తెచ్చేనండి, నీచు రాదని. కొన్నాళ్ళాగి మీరొచ్చి ఏం సేసేవని గట్టిగా అడిగేరు. అమ్మో, పాడయిపోయినట్టున్నయ్యి, తప్పు సేసేనని భయమేసి లేదన్నానండి. ఏమీ సెయ్యొద్దని మీరే అన్నారు కదండీ. ఆ రోజు కాణ్ణించీ మానేసేనండి."

నాకు మొదట వచ్చింది కోపమే. ఆర్నెల్లు! ఒక్క మాట చెప్పి ఉంటే! నోటిదాకా వచ్చింది. కానీ చెప్పకుండా చేసింది ఎవరు? కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుందని ఏటా ఫస్టియర్ పిల్లలకి నల్లబల్ల మీద రాసి చెప్పేదాన్ని. తొక్కలో ఇంకిన ఆ పొటాషియమే ఫర్నేసు వేడిలో కార్బన్‌ని కొరికి కొరికి లక్షల రంధ్రాలు చేసింది. ఆ తర్వాత యాసిడ్ కడుగులో కొట్టుకుపోయింది కాబట్టి ఏ పరీక్షలోనూ దాని ఆనవాలు దొరకలేదు. తొక్కలకి బూడిద తగిలిందని తెలిసిన మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే. ఆవిణ్ణి నేను అడిగాను కూడా. జవాబు చెప్పే ధైర్యం ఆవిడకి మిగలకుండా అడిగాను.

తప్పు నాది, మనసులో పెట్టుకోకు అని అప్పుడు అనాలి. అనలేదు. "మళ్ళీ అలాగే చేసిపెడతావా?" అన్నాను.

"ఆయ్, ఎందుకు సెయ్యనండీ" అంది. మొహం తేటపడింది. కోప్పడనందుకు ఆవిడే నాకు రుణపడినట్టు మాట్లాడింది. అది చూసి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండు సంచులు చేసిచ్చింది. ఒకదానికి వాళ్ళింటి బూడిద, రెండోదానికి పక్కింటి పొయ్యిలోది, ఏ బూడిదైనా పనిచేస్తుందో లేదో చూడాలని నేనడిగితే. రెండుసార్లూ తెర నిండా చుట్టు వచ్చింది. గీతలు అచ్చంగా ఒకదాని మీద ఒకటి పడలేదు, కొంచెం అటూ ఇటూ ఉన్నాయి. గైడుగారు వాటిని కిటికీకి ఎత్తి చూసి నవ్వారు. రిటైరవడానికి వారం ముందు సంతకం పెట్టారు. జరిగిందంతా ఆయనకి దాచకుండా చెప్పాను. విని, "ముందు పేజీలో ఆవిడ పేరు రాయమ్మా" అన్నారు. రాస్తానన్నాను.

రాయలేదు. ప్రిన్సిపాల్‌గారికి, మావారికి, ల్యాబు అటెండరుకి కూడా కృతజ్ఞతలు రాశాను. ఆవిడ పేరు దగ్గరికొచ్చేసరికి భయమేసింది. అసలు కిటుకు చేపలావిడ చేస్తే ఈవిడ చేసిందేంటి అంటారేమోనని. తర్వాత రాయొచ్చులే అనుకున్నాను, ఈలోపు థీసిస్ అచ్చుకి వెళ్ళిపోయింది.

వైవాకి, అదే మౌఖిక పరీక్షకి, దూరం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గైడుగారు రిటైరయినా పక్కనే కూర్చున్నారు. పెద్దాయన థీసిస్ పేజీలు తిప్పుతూ, "ఈ బూడిద సంగతి చాలా బాగుంది. ఎవరికీ తట్టని ఆలోచన. మీకెలా వచ్చింది?" అని అడిగారు.

చెప్పడానికి ఇంతకంటే సుళువైన చోటు దొరకదు. నా నోరు దానంతటదే పనిచేసింది.

"మా ప్రాంతంలో చేపలు బూడిదతో తోముతారు సార్. అది గమనించి, తొక్కల మీద ప్రయత్నించి చూశాను."

"గమనించడమంటే అదీ!" అన్నారాయన మిగతావాళ్ళ వైపు తిరిగి. గైడుగారు నా వైపు చూడలేదు. బల్ల మీద పెన్ను మూత పెట్టి తీసి, మళ్ళీ పెట్టారు.

అందరూ చేతులు కలిపి వెళ్ళిపోయాక, వరండాలో గైడుగారు నా పక్కన కాసేపు నడిచారు. "నిజం చెప్పినా డిగ్రీ ఇచ్చేవాళ్ళేనమ్మా" అన్నారు. అంతే. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ ఊసెత్తలేదు.

ఆ వారమే బజారుకి వెళ్ళాను. ఆవిడ మళ్ళీ పాత చోటుకే వచ్చి కూర్చుంటోంది. నన్ను చూడగానే, "అయిపోయిందాండి పరీచ్చ?" అంది.

"అయిపోయింది. పాసయ్యాను."

"మన తొక్కలు బాగున్నాయన్నారాండి?"

"చాలా బాగున్నాయన్నారు."

ఆవిడ చేతులు కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, కాస్త సిగ్గుపడుతూ అడిగింది. "నా గురించేవన్నా అడిగేరాండి ఆ పెద్దోళ్ళు?"

"లేదు, అడగలేదు" అన్నాను.

"నా గురించి ఆళ్ళకెందుకులెండి. మీరు గట్టెక్కేరు, అది సాలండి" అంటూ లేచింది. ఆ రోజు సరుకు తొందరగా అయిపోయింది, ఇంటికి బయల్దేరుతోంది. తట్ట తలకెత్తుకోడానికి ఒక చెయ్యి వెయ్యమంది. రెండో వైపు పట్టుకుని ఎత్తాను.